బంతాట కూడు పెడుతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా వారికి ఎరువుల కొట్టు ఉంది. మా అబ్బాయికి పదహారేళ్ళు నిండాయి, ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. ఎనిమిదో తరగతి నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. జిల్లా తరఫున రెండుసార్లు రాష్ట్రస్థాయి స్కూల్ గేమ్స్‌కు వెళ్ళివచ్చాడు. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు అకాడమీ వాళ్ళు వీడి ఆట చూసి, రెండేళ్ళు తమ దగ్గర ఉంచితే అమెరికా పంపిస్తామని, ఏడాదికి నాలుగు లక్షలు కట్టాలని చెప్పారు. చదువు మానేసి అక్కడికి వెళ్ళిపోతానని వీడు పట్టుబట్టాడు. గదిలో గోడమీద సత్నామ్ సింగ్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి బొమ్మ అంటించుకున్నాడు. "పల్లెటూరి రైతు కొడుకు ఎన్‌బీఏకి వెళ్ళలేదా, నేను వెళ్ళలేనా" అంటాడు. ఎన్‌బీఏ అంటే అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగట. మా వారేమో "బంతాట కూడు పెడుతుందా" అని ఒకటే మాట. పది రోజులుగా తండ్రీకొడుకులు కలిసి కూర్చుని తినడం లేదు. ఈ ఆటలో నిజంగా బతుకు ఉందా? ఇంకొక చిన్న సంగతి. వీడికి పన్నెండో నంబరు బూట్లు మా ఊళ్ళో దొరకడం లేదు. పాతవి బిగుతైపోయి కాలివేళ్ళు కమిలిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో పన్నెండు వేలు చూపిస్తున్నారు. కొనమంటారా?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ వారి మాటతోనే మొదలుపెడతాను. విసుగులో అన్నదే అయినా, అడగవలసిన ప్రశ్న అదే. బంతాట కూడు పెడుతుంది. ముప్పై రెండేళ్ళు నేను తిన్నది ఆ కూడే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. అయితే మన దేశంలో ఆ కూడు వచ్చే చోటు వేరు, మీ అబ్బాయి గోడమీది బొమ్మలో కనిపించే చోటు వేరు. ఆ తేడా అతనికి ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. అందుకని ముందుగా ఆ బొమ్మలోని మనిషి కథ చివరిదాకా చెప్పుకుందాం. మీ అబ్బాయికి మొదటి సగం కంఠతా వచ్చే ఉంటుంది, రెండో సగం మీరు అతన్ని కూర్చోబెట్టి చదివించండి.

సత్నామ్ సింగ్ భమారాది పంజాబులో బర్నాలా జిల్లాలోని బల్లో కే అనే చిన్న ఊరు. 1995 డిసెంబరులో పుట్టాడు. తండ్రి బల్బీర్ సింగ్ గోధుమ పండించే రైతు, ఊళ్ళో పిండిమర కూడా నడిపేవాడు. ఆయనా ఏడడుగుల మనిషే. కుర్రతనంలో బాస్కెట్‌బాల్ ఆడాలని ఆయనకూ ఉండేదట గాని, ఇంట్లో పెద్దవాళ్ళు పొలం పని చూసుకోమన్నారు. కొడుకు తొమ్మిది పదేళ్ళకే ఈడుకు మించి ఎదుగుతూ ఉంటే, తనకు దక్కనిది వాడికైనా దక్కాలని ఆయన వాణ్ణి లూధియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో చేర్చాడు. అక్కడ సుబ్రమణియన్ అనే కోచ్ చేతుల్లో ఆ పిల్లవాడు ఓనమాలు నేర్చాడు. 2010లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఐఎమ్‌జీ రిలయన్స్ సంస్థ ఎంచుకున్న కొద్దిమంది భారతీయ పిల్లలతో కలిసి అమెరికాలోని ఫ్లోరిడాకు, బ్రాడెంటన్ ఊళ్ళో ఉన్న ఐఎమ్‌జీ అకాడమీకి ఉపకార వేతనం మీద వెళ్ళాడు. అప్పటికి అతనికి ఇంగ్లీషు రాదు. అయిదేళ్ళ తర్వాత, 2015 జూన్ 25 రాత్రి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరిగిన ఎన్‌బీఏ డ్రాఫ్టులో డాలస్ మావరిక్స్ జట్టు 52వ పేరుగా అతన్ని పిలిచింది. భారతదేశంలో పుట్టిన ఆటగాడి పేరు ఆ వేదిక మీద వినిపించడం అదే మొదటిసారి. మీ అబ్బాయి గోడమీది బొమ్మ బహుశా ఆ రాత్రిదే.

డ్రాఫ్టు అంటే ఉద్యోగం కాదు, అది ఒక జట్టు ఒక ఆటగాడి మీద పెట్టుకునే హక్కు. ముప్పై జట్లు రెండు విడతలుగా దాదాపు 60 మందిని ఎంచుకుంటాయి. మొదటి విడతలో పిలిచినవాళ్ళకు జీతం ఖాయమైన ఒప్పందం ఉంటుంది, రెండో విడత వాళ్ళకు అటువంటి భరోసా ఏదీ ఉండదు. 52వ పేరు రెండో విడతలోది. సత్నామ్ మావరిక్స్ తరఫున, కొత్తవాళ్ళను పరీక్షించి చూసే వేసవి లీగులో ఆడాడు, తర్వాత వాళ్ళకు అనుబంధంగా ఫ్రిస్కో ఊళ్ళో ఉన్న టెక్సాస్ లెజెండ్స్ అనే జట్టుకు వెళ్ళాడు. అది ఎన్‌బీఏ కింద నడిచే చిన్న లీగు, అప్పట్లో దాన్ని డీ లీగ్ అనేవారు, ఇప్పుడు జీ లీగ్ అంటున్నారు. ఎన్‌బీఏలో కొత్త ఆటగాడి కనీస వేతనం ఆ ఏడాది అయిదు లక్షల డాలర్లకు పైగా ఉంటే, ఈ చిన్న లీగులో సీజనంతటికీ దాదాపు 13 వేల నుంచి 25 వేల డాలర్ల మధ్య ఇచ్చేవారు. ఆ డబ్బుతో టెక్సాస్‌లో ఇంటి అద్దె కట్టుకుని బతకాలి. పోనీ ఆడనిచ్చారా అంటే, రెండు సీజన్లలోనూ అతను ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. 2017లో దేశానికి తిరిగివచ్చి ఇక్కడి యూబీఏ లీగులో ఆడాడు, ఆ తర్వాత కెనడాలోని సెయింట్ జాన్స్ జట్టులో ఒక సీజను గడిపాడు. 2019 నవంబరులో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ జరిపిన పరీక్షలో హైజెనమైన్ అనే నిషిద్ధ పదార్థం బయటపడింది, రెండేళ్ళ నిషేధం పడింది. 2021లో ఆయన బాస్కెట్‌బాల్ వదిలిపెట్టి అమెరికాలో ప్రొఫెషనల్ కుస్తీ పోటీలు నడిపే ఏఈడబ్ల్యూ సంస్థలో చేరాడు. అప్పటికి పాతికేళ్ళు. ఇవాళ ఆయన బతుకు బాగానే గడుస్తోంది, కాకపోతే బంతాటతో కాదు.

ఇది చెప్పి మీ అబ్బాయిని నిరుత్సాహపరచాలని నా ఉద్దేశం కాదు. సత్నామ్ చేరిన చోటికి చేరడమే కోట్లలో ఒకరికి దక్కే సంగతి. అయితే అక్కడికి చేరాక ఎందుకు నిలవలేకపోయాడో చూడడం మన పిల్లవాడికి పనికొస్తుంది. నాకు తోచిన కారణాల్లో ఒకటి అతని చేతిలో లేనిది. 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు 1–2 తేడాతో వెనకబడి ఉండగా, నాలుగో ఆటకు మొదటి అయిదుగురిలోంచి ఏడడుగుల ఆండ్రూ బోగట్‌ను తప్పించి, 6 అడుగుల 6 అంగుళాల ఆండ్రీ ఇగ్వడాలాను దించింది. వరసగా మూడు ఆటలూ గెలిచి జూన్ 16న ఛాంపియన్ అయింది, ఇగ్వడాలాకే ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చింది. రింగు కింద కొండలా నిలబడి, బంతి అందుకుని, తిరిగి వేసే పొడగరులకు గిరాకీ పడిపోతోందని అందరికీ అర్థమైన సమయం అది. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత సత్నామ్ పేరు పిలిచారు. 7 అడుగుల 2 అంగుళాల ఆ కుర్రాడు చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది ఆ ఆటే. మూడు పాయింట్ల గీత దగ్గర నుంచి వేయగలిగి, బంతి నడిపించే గార్డుల వెంట పరుగెత్తగలిగిన పొడగరులే అక్కడివాళ్ళకు కావలసివచ్చారు.

రెండో కారణం చదువుకు సంబంధించింది, మీకు ముఖ్యంగా కావలసింది ఇదే. అమెరికాలో ఆ వయసు కుర్రాళ్ళు మామూలుగా కాలేజీ జట్లలో ఆడి పదునెక్కుతారు. సత్నామ్‌కు కాలేజీలో ఆడేందుకు కావలసిన చదువు అర్హతలు సమకూడలేదు, అందుకే పందొమ్మిదేళ్ళకు నేరుగా డ్రాఫ్టుకు వెళ్ళాడు. రెండు మూడేళ్ళు ఏదో ఒక కాలేజీలో వారానికి రెండేసి మ్యాచ్‌లు ఆడి ఉంటే ఎన్‌బీఏలో నిలదొక్కుకునేవాడా అంటే నేను చెప్పలేను గాని, బెంచీ మీద కూర్చున్న ఆ రెండు సీజన్ల కంటే మేలే జరిగి ఉండేదని నా నమ్మకం. ఎదిగే వయసులో ఆటగాడికి అన్నిటికంటే అవసరమైనది మ్యాచ్‌లో గడిపే నిమిషాలు. అమెరికా అని పరుగులు తీసేవాళ్ళు ఇది మరిచిపోతారు.

ఇక మీ అబ్బాయి ఎత్తు సంగతి. 6 అడుగుల 3 అంగుళాలంటే మీ వీధిలో పొడుగు, స్కూల్ గేమ్స్‌లోనూ పొడుగే. అందువల్ల వాళ్ళ పీఈటీ మాస్టారు అతన్ని రింగు కింద నిలబెట్టి, "రీబౌండ్ పట్టు, అక్కడే వెయ్యి" అని, అంటే రింగులో పడకుండా తిరిగొచ్చిన బంతి అందుకుని అక్కడే వేయమని, ఆడిస్తూ ఉంటారు. మీరు ఉత్తరంలో రాయలేదు గాని ఇది నేను పందెం కాసి చెప్పగలను. తప్పు మాస్టారిది కూడా కాదు, జిల్లా జట్టును గెలిపించాలంటే ఎవరైనా చేసే పని అదే. కాని పై స్థాయికి వెళ్ళేసరికి లెక్క మారిపోతుంది. మన జాతీయ జట్టుకు చాలాకాలం కెప్టెన్‌గా ఉన్న విశేష్ భృగువంశీ 6 అడుగుల 5 అంగుళాలు, ఆయన ఆడేది గార్డుగా, అంటే బంతిని తెచ్చి ఆటను నడిపించే చోటులో. మీ అబ్బాయి ఇంకో రెండంగుళాలు పెరిగినా అతని చోటు అదే అవుతుంది. ఆ చోటుకు కావలసిన విద్య, అంటే రెండు చేతులతోనూ బంతిని అదుపులో పెట్టుకోవడం, దూరం నుంచి వేయడం, తోటివాడు ఎక్కడున్నాడో తల తిప్పకుండా పసిగట్టడం, రింగు కింద నిలబడినవాడికి అబ్బదు. పద్దెనిమిదేళ్ళు దాటాక మొదలుపెడితే కష్టం. మన రాష్ట్రాల నుంచి మంచి ఎత్తున్న పిల్లలు జూనియర్ స్థాయిలో మెరిసి, సీనియర్‌కు వచ్చేసరికి కనిపించకుండా పోవడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం.

అందుకని ఒక పని చేయండి. ఒక ఆదివారం పొద్దున్న మీరు, కుదిరితే మీ వారూ, కోర్టు పక్కన అరగంట కూర్చోండి. ఆట తెలియకపోయినా ఫరవాలేదు. ఎడమ పక్క నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఎడమచేత్తో పది లేఅప్‌లు, అంటే రింగు దగ్గరికి వచ్చి ఎగిరి వేసే బంతులు, వేయమనండి, ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. కుడిచేతికి మార్చుకుని వేస్తే లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బంతి కొట్టుకుంటూ వెళ్ళమని, మీరు ఎదురుగా నిలబడి చేతివేళ్ళు చూపిస్తూ ఎన్నో చెప్పమనండి. బంతి వైపు చూడకుండా డ్రిబుల్ చేయగలవాడే మీ వేళ్ళు లెక్కపెట్టగలడు. చివరగా, బాగా పరుగెత్తి ఆయాసపడుతున్నప్పుడు పది ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి వేసే బంతులు, వేయించండి. ఎడమచేత్తో ఏడు, ఫ్రీ త్రోలు ఏడు పడితే పిల్లవాడిలో సరుకుందని అర్థం. నాలుగు దాటకపోతే సరుకు లేదని కాదు, నేర్పవలసినవాళ్ళు ఇంకా నేర్పలేదని అర్థం, అప్పుడు వెతకవలసింది అమెరికా దారి కాదు, దగ్గరలో ఒక మంచి కోచ్‌ను.

ఇప్పుడు మీ వారి కూడు దగ్గరికి వద్దాం. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళను దశాబ్దాలుగా పోషిస్తున్నది ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు, బలగాలు. రైల్వేలు, ఓఎన్‌జీసీ, సర్వీసెస్ అనే సైనిక దళాల జట్టు, ఆదాయపు పన్ను శాఖ, చెన్నైలోని ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, ఇటువంటి చోట్ల జట్లు ఉంటాయి. ఆట చూసి ఉద్యోగమిస్తారు. ఆడినంత కాలం టోర్నమెంట్లకు సెలవిచ్చి పంపుతారు, మోకాళ్ళు మొరాయించాక బల్ల ముందు కూర్చోబెడతారు. విశేష్ వారణాసి కుర్రాడు, ఓఎన్‌జీసీ ఉద్యోగి. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ థర్టీసిక్సర్స్ జట్టుతో ఒప్పందం చేసుకుని, అక్కడి ఎన్‌బీఎల్ అనే లీగులో అటువంటి ఒప్పందం పొందిన మొదటి భారతీయుడయ్యాడు. 2020కి అర్జున అవార్డు అందుకున్నాడు. విదేశీ ఒప్పందం వచ్చినా రాకపోయినా ఇంటి పొయ్యి వెలగడానికి వెనక ఒక కొలువు ఉందన్నమాట. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూ దాదాపు పద్దెనిమిదేళ్ళు దేశానికి ఆడింది, బిడ్డ పుట్టాక కూడా తిరిగివచ్చి ఆడింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. లీగులు మాత్రం వస్తున్నాయి, పోతున్నాయి. 2015లో మొదలైన యూబీఏ లీగు 2017 తర్వాత లేదు. ఆ తర్వాత ఐఎన్‌బీఎల్ అనే లీగు వచ్చింది, 2025 పోటీల్లో హైదరాబాద్ ఫాల్కన్స్ అని మన పేరుతో కూడా ఒక జట్టు దిగింది. సంతోషమే. కాని ఏడాదికి కొన్ని వారాలు జరిగే లీగును నమ్ముకుని ఇల్లు కట్టుకోలేరు.

ఈ కొలువులకు ఆటతోపాటు చదువూ అడుగుతారు. పది పాసైనవాడిని ఒక మెట్టు మీద, ఇంటర్ పాసైనవాడిని దాని పై మెట్టు మీద, డిగ్రీ ఉన్నవాడిని ఇంకా పైన తీసుకుంటారు. ఒకే జట్టులో, ఒకే ఏడాది, ఒకే ఆటతో చేరిన ఇద్దరిలో డిగ్రీ ఉన్నవాడు అధికారిగా పదవీ విరమణ చేయడం, లేనివాడు ఫైళ్ళు మోసిన చోటే మిగిలిపోవడం నా కళ్ళారా చూశాను. వాళ్ళిద్దరిలో మెరుగైన ఆటగాడు రెండోవాడే. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అకాడమీ వాళ్ళ మాట నాకు నచ్చలేదు. సత్నామ్ తన డబ్బు కట్టుకుని ఫ్లోరిడా వెళ్ళలేదు. 2017లో గ్రేటర్ నోయిడాలో మొదలైన ఎన్‌బీఏ అకాడమీ ఇండియా కూడా ఎంచిన పిల్లలను తన ఖర్చుతోనే పెట్టుకుంది. పంజాబులోని గురుదాస్‌పూర్ జిల్లా కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ లూధియానా మీదుగా అక్కడికి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని ఎన్‌బీఏ గ్లోబల్ అకాడమీకి, 2020లో జీ లీగ్ ఇగ్నైట్ జట్టుకు వెళ్ళాడు. 2021 వేసవి లీగులో విజేతగా నిలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో అతనూ ఉన్నాడు. ఆ స్థాయి పిల్లవాడు కంటబడితే ఎవరూ తల్లిదండ్రులను నాలుగు లక్షలు అడగరు. అడిగారంటే వాళ్ళు అమ్ముతున్నది శిక్షణ, అంతే. శిక్షణ మంచిదైతే కొనుక్కోవచ్చు, అందులో తప్పు లేదు, కాని అమెరికా అనే మాటకు వేరే ధర కట్టకండి. నా శిష్యుడొకడు ఇలాగే ఒకచోట చేరాడు. ఆర్నెల్ల తర్వాత నేను చూడబోతే, పగుళ్ళు పడ్డ సిమెంటు కోర్టు మీద ఇరవై రెండు మంది కుర్రాళ్ళకు నాలుగు బంతులున్నాయి. ఒకడు వేస్తుంటే అయిదుగురు చేతులు కట్టుకుని చూస్తున్నారు. బంతి నున్నగా అరిగిపోయి, చేతికి జారిపోతోంది. కాబట్టి మీరు చెప్పాపెట్టకుండా ఒకరోజు వెళ్ళి చూడండి. బంతులు లెక్కపెట్టండి, ఫిజియో ఉన్నాడో లేడో కనుక్కోండి, పిల్లలు ఏ కాలేజీలో చదువుతున్నారో అడగండి. వాళ్ళు పంపించామంటున్న పిల్లలు ఏ ఊళ్ళో, ఏ కాలేజీలో, ఎవరి ఖర్చుతో ఉన్నారో చెప్పమనండి, ఆ తల్లిదండ్రులతో మాట్లాడండి. మధ్యలో దెబ్బ తగిలి మానేస్తే కట్టిన డబ్బులో ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

పైగా, అమెరికా వెళ్ళాలనుకునేవాడు ఇంటర్ మానేయడం ఎక్కబోయే నిచ్చెన మెట్లు తనే విరగ్గొట్టుకోవడం లాంటిది. అక్కడి కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ, మొదటి శ్రేణి జట్లలో ఆడాలంటే తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా చదివిన చదువులో ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం వంటి 16 కోర్సులు చూపించమంటుంది, వాటిలో మార్కులూ చూస్తుంది. చదువు సకాలంలో పూర్తికావాలి. మీ అబ్బాయికి నిజంగానే అదృష్టం కలిసివచ్చి ఏదో ఒక కాలేజీ కోచ్ వీడియో చూసి పిలిచినా, ఇంటర్ సర్టిఫికెట్ లేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది. ఈ ఒక్క సంగతి అతనికి తెలిస్తే మీరు బతిమాలకుండానే పుస్తకం తీస్తాడని నా ఆశ.

సత్నామ్ పరీక్షలో బయటపడిన హైజెనమైన్ గురించి రెండు మాటలు. అది కొన్ని మొక్కల్లో సహజంగా ఉండే పదార్థం, బరువు తగ్గడానికని, ఊపు రావడానికని అమ్మే కొన్ని పొడుల్లో, మాత్రల్లో కలుస్తుంది. డబ్బా మీద ఆ పేరు అచ్చయి ఉంటుందన్న నమ్మకం లేదు. డోపింగ్ నిబంధనల ప్రకారం ఆటగాడి ఒంట్లో ఏమున్నా బాధ్యత ఆటగాడిదే, తెలియక తిన్నానంటే శిక్ష తగ్గవచ్చేమో గాని తప్పు మాసిపోదు. మీ అబ్బాయి జిమ్‌కు వెళ్తుంటే, అక్కడ ఎవరో ఇచ్చిన డబ్బా ఒకటి మంచం కింద ఉండే అవకాశం ఉంది. వెతకండి. ఈ వయసులో అతనికి కావలసింది పప్పు, గుడ్లు, పాలు, చేప, కడుపునిండా అన్నం, ఎనిమిది గంటల నిద్ర.

దెబ్బల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక టోర్నమెంటులో రీబౌండ్ పట్టి కిందికి దిగుతుంటే కుడి మోకాలు లోపలికి మడతపడింది. నిర్వాహకుల దగ్గర స్ట్రెచర్ లేదు, మంచుగడ్డ లేదు, ఎవరో కుర్రాడు గేటు బయట సోడా బండి దగ్గరికి పరుగెత్తి చేతిరుమాల్లో ఐసు మూటగట్టి తెచ్చాడు. ఏడాది తర్వాత మళ్ళీ ఆడాను గాని, మునుపటి ఎత్తుకు ఎగరలేకపోయాను. ఆ ఏడాదంతా నెల మొదటి తారీఖున జీతం వచ్చింది కాబట్టి మా ఇంట్లో ఎవరూ పస్తులుండలేదు. నాలాంటివాళ్ళ మాట అలా ఉంచి, చికాగో బుల్స్ ఆటగాడు డెరిక్ రోజ్ 2011లో ఇరవై రెండేళ్ళకే ఎన్‌బీఏ ఉత్తమ ఆటగాడయ్యాడు, ఆ బహుమతి అంత చిన్నవయసులో అందుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. 2012 ఏప్రిల్‌లో అతని ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. తర్వాతి సీజనంతా ఆడలేదు. జట్లు మారుతూ పన్నెండేళ్ళు లాక్కొచ్చాడు, 2018 అక్టోబరు 31న మిన్నెసోటా తరఫున ఒక ఆటలో 50 పాయింట్లు వేసి కోర్టులోనే కన్నీళ్ళు పెట్టుకున్నాడు, 2024లో విరమించుకున్నాడు. ఎంతటివాడికైనా కాలు ఒక్క క్షణంలో మడతపడుతుంది. సిమెంటు కోర్టు మీద రోజుకు రెండు పూటలా ఎగిరే పదహారేళ్ళ పిల్లవాడి మోకాళ్ళు ఇప్పటికే నొప్పి పెడుతూ ఉండవచ్చు, ఆట మాన్పిస్తారన్న భయంతో మీకు చెప్పి ఉండడు. అడగండి, కోప్పడకుండా అడగండి.

ఇక ఇంట్లో ఏం చేయాలి? నా సలహా సూటిగా చెబుతాను. ఆట మాన్పించకండి, చదువు మాననివ్వకండి, ఈ ఏడాది ఆ అకాడమీకి పంపకండి. పొద్దున్నే అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా కుర్చీలోంచి లేవనివ్వని కాలేజీలో అతను ఉంటే, అక్కడి నుంచి తీసి మైదానం ఉన్న మామూలు జూనియర్ కాలేజీలో వేయండి. ఐఐటీ ర్యాంకు రాదు, రాకపోతే పోనివ్వండి, మీ అబ్బాయి దాన్ని కోరుకోవడం లేదు. ఎంపీసీ మీద మనసు లేకపోతే గ్రూపు మార్చినా ఫరవాలేదు. పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు ఆట. సాయంత్రపు రెండు గంటల్లో ఒక గంట పూర్తిగా ఎడమచేతికి, డ్రిబ్లింగ్‌కు, దూరం నుంచి షూటింగ్‌కు. రింగు కింద నిలబెట్టేది మ్యాచ్‌లోనే, సాధనలో వద్దని వాళ్ళ మాస్టారితో మీ వారే మాట్లాడితే బాగుంటుంది.

వచ్చే రెండేళ్ళలో అండర్–18 జూనియర్ నేషనల్స్‌కు రాష్ట్ర జట్టులోకి వస్తాడేమో చూడండి. వస్తే డిగ్రీకి స్పోర్ట్స్ కోటాలో మంచి కాలేజీ జట్టు ఉన్న చోట, అవసరమైతే చెన్నైలోనైనా సరే, చేర్చండి. అక్కడి నుంచి యూనివర్సిటీ జట్టుకు, అక్కడ బాగా ఆడితే కొలువులకు దారి ఉంది. రాకపోయినా కొంప మునగదు, ఇంటర్ చేతిలో ఉంటుంది, డిగ్రీ చదువుకుంటూ యూనివర్సిటీ జట్టు కోసం ఇంకో రెండేళ్ళు ప్రయత్నించవచ్చు. ఆ తర్వాత కూడా కుదరకపోతే, వ్యాయామ విద్యలో బీపీఈడీ చేసి పిల్లలకు నేర్పవచ్చు. మీ జిల్లాలో ఎడమచేతి లేఅప్ నేర్పే మాస్టారు ఒకరుండడం చిన్న విషయం కాదు.

బల్బీర్ సింగ్ సంగతి మీ వారికి చదివి వినిపించమని మరీమరీ అడుగుతున్నాను. తను ఆడలేకపోయిన ఆట కొడుకుతో ఆడించిన ఆయన సరే, అంతకు ముందు ఆయన్ని పొలానికి పంపిన పెద్దలు కూడా చెడ్డవాళ్ళేమీ కాదు, వాళ్ళకు కూడు కనిపించింది పొలంలోనే. మీ వారికి కూడు కనిపిస్తున్నది ఎరువుల కొట్టులో, ఇంజనీరింగు సీటులో. కొడుకు ఆడే మ్యాచ్ ఆయన ఇంతవరకు ఒక్కటైనా చూశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

బూట్లు కొనండి. వాయిదా వేయకండి, కాలివేళ్ళు ముడుచుకుని ఆడేవాడు చీలమండ బెణికించుకుంటాడు. పన్నెండు వేలు పెట్టనవసరం లేదు, పోయిన ఏడాది మోడళ్ళు దాదాపు సగం ధరకు దొరుకుతాయి. నంబరు చూసి తెప్పించవద్దు, ఒక కంపెనీ పన్నెండు ఇంకో కంపెనీ పదకొండున్నరకు సమానం, పాదం పొడవు సెంటీమీటర్లలో చూసి తెప్పించండి. సాయంత్రం ఆట అయ్యాక, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి మేజోళ్ళు వేయించి, కొట్టులోని పాత క్యాలెండరు కాగితం తిరగేసి దాని మీద అబ్బాయిని నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీయాలి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేలా కొలత తీసుకోవాలి. ఆ బూట్లు కోర్టుకు తప్ప రోడ్డు మీదికి వాడనివ్వకండి. పదహారేళ్ళ పాదం ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆర్నెల్లకోసారి మళ్ళీ గీసి చూడాలి. వంగి గీయాలి, ఒక మనిషి నిలబడాలి, ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ పెన్సిలు మీ వారికి ఇవ్వండి.